రక్తాన్ని నిలదీయడం చాలించండి – గాలిని కొలవండి!



దగ్గుతో, ఆయాసంతో బాధపడుతూ వైద్యపరీక్షకు వెళ్ళిన కార్మికుని ముందుగా అడిగే ప్రశ్న "నీవు పనిచేసిన చోట గాలి ఎట్లా ఉండేది?" అన్నది కాదు. "బీడీ తాగుతావా?" అన్నది. అవునంటే విచారణ అక్కడితో ముగుస్తుంది. కాదంటే "నీ ఉద్యోగమే ఇందుకు కారణమని రుజువు ఏది?" అనే రెండవ ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. రుజువు తెచ్చే భారం రోగిది. ఆ రుజువు దొరకగల షెడ్డు, గూడ్సు ప్లాట్‌ఫారం, సార్టింగు హాలు మాత్రం యాజమాన్యం అధీనంలో ఉన్నవి. అక్కడి గాలిని కొలిచే పరికరం లేదు, కొలిచిన రికార్డు లేదు. లేని రికార్డును తెమ్మని రోగిని ఆజ్ఞాపించడం న్యాయవిచారణ అనిపించుకోదు.

ఈ "రుజువు" అనే మాటకు విజ్ఞానశాస్త్రం గడచిన కొన్ని దశాబ్దాలలో ఒక కొత్త రూపాన్ని సమకూర్చినది. దీర్ఘకాలిక శ్వాసరోధ వ్యాధి గలవారి రక్తంలో ఆ వ్యాధి విడిచిన రసాయనిక జాడలను పరిశోధకులు కొలవగలుగుతున్నారు. ఇది శ్రామికవర్గానికి ఉపకరించే విజ్ఞానమే. అయితే దీనిని కార్మికుని పక్షాన సాక్ష్యంగా వాడవచ్చు. "నీ రక్తంలో ఏమీ దొరకలేదు" అని అతనిని వట్టిచేతులతో పంపివేయడానికీ వాడవచ్చు. కనుక ఆ జాడలేమిటో, అవి ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో రైల్వే, తపాలా ఉద్యోగులు స్వయంగా తెలుసుకొనడం అవసరం.

రక్తం చెప్పే సాక్ష్యం

పట్టాలపై పనిచేసేవారికి తుప్పు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తేమగాలిలోని ప్రాణవాయువు ఇనుముతో కలిసి దానిని తినివేస్తుంది. మన దేహంలో కూడా ప్రాణవాయువు నుండి పుట్టే సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ వంటి చురుకైన పదార్థాలు కణాల పొరలను, మాంసకృత్తులను, జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. ఆరోగ్యవంతునిలోనూ ఇవి కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటాయి. వాటిని అణచివేసే రక్షణ వ్యవస్థ కూడా దేహంలోనే ఉన్నది. దాడి రక్షణను మించిపోయిన స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

పొగ, ధూళి ఈ దాడిని రెండు విధాలుగా పెంచుతాయి. మొదటిది, రేణువులు తామే చేసే హాని. డీజిలు మసి రేణువులు తమకు అంటుకొన్న లోహాలను, కర్బన రసాయనాలను ఊపిరితిత్తుల లోతులకు మోసుకొనిపోతాయి. అప్పుడే పగిలిన సిలికా రాతి ముఖంపై రాడికల్స్ పుడతాయి. అందుచేతనే పాతబడిన ధూళి కంటె కొత్తగా పగిలిన రాతిధూళి ఎక్కువ హానికరం. కంకర దింపేచోట, జల్లించే యంత్రం వద్ద పనిచేసే సోదరులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. రెండవది, ఆ ధూళిని తొలగించడానికి వచ్చిన తెల్లకణాలు తామే ఆక్సీకరణ పదార్థాలను విడిచిపెట్టడం. ధూళి వస్తున్నంత కాలం ఆ పోరాటం ఆగదు. ఆ పోరాటంలో కాలిపోయేది ఊపిరితిత్తి.

ఈ దహనకాండ జాడలు రక్తంలో కనిపిస్తాయి. కణాల పొరలలోని కొవ్వులు ఆక్సీకరణం చెంది విరిగినప్పుడు మలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం మిగులుతుంది. అది పెరిగినదంటే కొవ్వులకు హాని జరిగినదన్న మాట. గ్లూటాథయోన్ అనేది రక్షణదళంలో ముఖ్యమైనది. దాడిని ఎదుర్కొనడంలో అది ఖర్చవుతుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము సూపరాక్సైడ్‌ను నిర్వీర్యం చేస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడొవిచ్ అనే శాస్త్రజ్ఞులు 1969లో దాని పనిని కనుగొన్నది పశువుల ఎర్ర రక్తకణాలలోనే. ఎడింబరోలో ఇర్ఫాన్ రహ్మాన్, విలియం మెక్నీ తదితరులు 1996లో ప్రకటించిన పరిశోధనలో, శ్వాసరోధ వ్యాధి తీవ్రరూపం దాల్చినవారి రక్తంలోను, పొగతాగేవారి రక్తంలోను ఆక్సీకరణను అడ్డుకొనే శక్తి పడిపోయినట్లు తేలినది.

మరొక ఉదాహరణ చూడండి. ఊపిరితిత్తులలోని సాగే నారలను కాపాడే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే మాంసకృత్తి కాలేయంలో తయారై రక్తంలో ప్రవహిస్తుంది. పుట్టుకతోనే అది కొరవడినవారిని స్వీడన్ శాస్త్రజ్ఞులు లారెల్, ఎరిక్సన్ 1963లో గుర్తించారు. అట్టివారికి ఊపిరితిత్తులు త్వరగా పాడవుతాయని తెలిసినది. పొగలోని ఆక్సీకరణ పదార్థాలు ఈ రక్షక మాంసకృత్తినే దెబ్బతీసి పనికిరాకుండా చేయగలవని తరువాతి పరిశోధనలు చూపినవి. అనగా పొగ దాడి చేయడమే గాక, కాపలావాని చేతులు కూడా కట్టివేస్తున్నది.

వీటన్నిటి అర్థం ఒక్కటే. "అది కేవలం దగ్గు, కాస్త ఆయాసం" అని తీసిపారవేయడం అబద్ధం. ఊపిరితిత్తిలో మొదలైన హాని రక్తంలోనికి పాకుతున్నది. ఈ రోగులలో కండరాలు క్షీణించడం, గుండెజబ్బులు ఎక్కువగా కనిపించడం వైద్యులు ఎరిగినదే.

రక్తం చెప్పలేని సంగతి

ఇంత చెప్పిన తరువాత రెండవ సంగతిని దాచడం నిజాయితీ కాదు. ఈ జాడలు హాని జరిగినదని చెపుతాయి. హాని చేసినది ఎవరో చెప్పవు. బీడీ పొగ, డీజిలు పొగ, వంటచెరకు పొగ, సిమెంటు ధూళి – వీటిలో ఏది కొవ్వును ఆక్సీకరించినా మిగిలేది అదే మలోన్‌డైఆల్డిహైడ్. దానిపై ఏ షెడ్డు ముద్రా, ఏ కంపెనీ గుర్తూ ఉండదు. మధుమేహం, అంటురోగాలు, వయసు, తిండి కూడా ఈ అంకెలను మారుస్తాయి. దానిని కొలిచే పాత పద్ధతి థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో గులాబి రంగు తెప్పించడం. ఆ రంగు ఇతర పదార్థాలతోనూ వస్తుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ కొన్ని పరిశోధనలలో తగ్గినట్లు, మరికొన్నింటిలో పెరిగినట్లు కనిపించినది. శ్వాసరోధ వ్యాధిని నిర్ధారించడానికి వైద్యులు నేటికీ ఆధారపడేది స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్షపైనే.

కనుక "రక్తపరీక్షలో రుజువు చూపు, అప్పుడు పరిహారం మాట చూద్దాం" అనే వాదాన్ని మనం అంగీకరించరాదు. ఆ పరీక్ష ఇవ్వలేని జవాబును అడగడం రోగిని మోసగించడమే. అట్లాగే ఎవరి రక్తంలోనైనా ఈ అంకెలు మామూలుగా ఉన్నంత మాత్రాన అతని ఊపిరితిత్తులు క్షేమమని సర్టిఫికెట్టు ఇవ్వడం కూడా తప్పు. నేరస్థుని పేరు తెలియవలసినది కార్మికుని నాళం నుండి తీసిన రక్తపుబొట్టులో కాదు, అతను ముప్పది ఏండ్లు పీల్చిన గాలిలో. ఆ గాలిని కొలవవలసినది, కొలిచి వ్రాసి ఉంచవలసినది యాజమాన్యం.

బీడీ చాటున దాగిన బాధ్యత

ఇక బీడీ వాదం. బీడీ, సిగరెట్టు ఊపిరితిత్తులకు శత్రువులే. అందులో సందేహం లేదు. మన సభ్యులు వాటిని మానివేయాలని యూనియన్లు నిస్సంకోచంగా చెప్పాలి. కాని బీడీ ఉన్నచోట మరే కారణమూ ఉండదనే తర్కాన్ని ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.

లెక్కలు చూడండి. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం భారతదేశంలో శ్వాసరోధ వ్యాధి రోగుల సంఖ్య 1990లో 2 కోట్ల 81 లక్షలు. 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలు. ఈ వ్యాధి వలన కోల్పోయిన ఆరోగ్య జీవితకాలంలో 53.7 శాతానికి కారణం వాయు కాలుష్యం, 25.4 శాతానికి పొగాకు, 16.5 శాతానికి పనిచేసే చోటి ప్రమాదాలు. పొగాకు పాలు నాలుగింట ఒక వంతు మాత్రమే! మిగిలిన వంతులను గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు పాలకుల గొంతు ఎందుకు పెగలదు?

అమెరికా, ఐరోపా ఛాతీ వైద్య సంఘాలు 2019లో సంయుక్తంగా ప్రకటించిన అంచనా ప్రకారం శ్వాసరోధ వ్యాధి భారంలో సుమారు 14 శాతం పనివలన కలిగినది. ఎన్నడూ పొగతాగనివారిలో ఆ వంతు 31 శాతం. ఒక్క బీడీ ముట్టనివానికి ఈ జబ్బు వచ్చినప్పుడు, దాదాపు మూడింట ఒక వంతు భారానికి అతని పనిస్థలమే జవాబు చెప్పాలన్న మాట.

రైల్వే సోదరులు మరింత శ్రద్ధగా వినవలసిన అధ్యయనం మరొకటి ఉన్నది. అమెరికా రైలు కార్మికుల మరణాల రికార్డులను హార్వర్డ్ పరిశోధకులు దశాబ్దాల తరబడి పరిశీలించారు. డీజిలు ఇంజన్లు ప్రవేశించిన తరువాత ఉద్యోగంలో చేరినవారిలో, డీజిలు పొగ సోకే పనిలో గడిపిన ఒక్కొక్క సంవత్సరానికి శ్వాసరోధ వ్యాధితో మరణించే ముప్పు 2.5 శాతం చొప్పున పెరిగినట్లు 2009లో ప్రకటించారు. పొగతాగే అలవాటును లెక్కలోనికి తీసుకొని సవరించినా ఆ ముప్పు స్వల్పంగానే తగ్గినది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ డీజిలు పొగను మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది.

కాజీపేట, గుత్తి, మౌలాలి, విశాఖపట్నం డీజిలు షెడ్లలో యవ్వనమంతా ధారపోసినవారికి ఈ 2.5 శాతం అంటే ఏమిటో విప్పి చెప్పనక్కరలేదు. "ఇప్పుడు మార్గాలన్నీ విద్యుదీకరించాము గదా, ఇంకా డీజిలు మాట ఎందుకు?" అని అడిగేవారున్నారు. విద్యుదీకరణ మంచిదే, దానిని స్వాగతిస్తున్నాము. కాని ఈ జబ్బు పొగ పీల్చిన నాడే బయటపడదు. ఇరవై, ముప్పది ఏండ్ల తరువాత, పదవీ విరమణ చేసి ఇంటి వద్ద ఉన్నప్పుడు, మెట్లెక్కలేని ఆయాసంగా బయటపడుతుంది. ఇంజను మారినది గాని, ఆ ఇంజను పొగ పీల్చిన ఊపిరితిత్తి మారలేదు. పైగా ట్రాకు యంత్రాలు, టవరు వ్యాగన్లు నేటికీ డీజిలుపై నడుస్తున్నవి.

తపాలా ఉద్యోగుల స్థితి వేరుగా కనిపించినా మూలం ఒక్కటే. ఆర్.ఎం.ఎస్. సార్టింగు హాలులో సంచులు విప్పి దులిపినప్పుడు లేచే ధూళిని, నగర రహదారులలో వాహనాల పొగ నడుమ ఉత్తరాలు పంచే పోస్టుమాన్ పీల్చే గాలిని ఎవరైనా కొలిచి లెక్క చూపారా? అక్కడ హాని ఎంత ఉన్నదో కొలిస్తేనే తెలుస్తుంది. కొలవకుండానే "ఏమీ లేదు" అని చెప్పే అధికారం ఎవరికీ లేదు.

మాత్రలతో పొగ ఆగదు

ఆక్సీకరణమే జబ్బుకు మూలమైతే దానిని అడ్డుకొనే విటమిన్లు, మాత్రలు పంచితే సరిపోదా అనే వాదం కూడా వినిపిస్తున్నది. ఎగ్జాస్టు ఫ్యాను కంటె మాత్రల డబ్బా చవక గదా! ఈ చవక వైద్యానికి అనుభవం ఇచ్చిన జవాబు చూడండి.

ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడినవి. బీటా-కెరోటిన్ తీసుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువైనది. అమెరికాలో 18,314 మంది పొగతాగినవారిపై, ఆస్బెస్టాస్ కార్మికులపై బీటా-కెరోటిన్, విటమిన్-ఎలను పరీక్షించి చూశారు. క్యాన్సరు 28 శాతం ఎక్కువ కావడంతో 1996లో మాత్రలను గడువుకు ముందే ఆపివేశారు. ఆస్బెస్టాస్ పీల్చిన కార్మికుని రక్షిస్తుందనుకొన్న మాత్ర అతనికే హాని చేసినది.

శ్వాసరోధ వ్యాధిలో గ్లూటాథయోన్‌ను పెంచగల ఎన్-అసిటైల్ సిస్టీన్ మందును ఐరోపాలో 523 మందిపై, రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున మూడేండ్లపాటు పరీక్షించారు. ఊపిరి శక్తి క్షీణించడాన్ని అది ఆపలేకపోయినదని 2005లో తేలినది. చైనాలో వెయ్యిమందికి పైగా రోగులపై రెట్టింపు మోతాదును పరీక్షించినప్పుడు జబ్బు ఉధృతమయ్యే సందర్భాలు కొంత తగ్గినవని 2014లో వెల్లడైనది. రోగికి ఆ మేరకు మేలు జరిగితే సంతోషమే. వైద్యుడు అవసరమని వ్రాసిన మందును పాలకవర్గం ఇచ్చి తీరాలి. కాని రోగికి మందు ఇవ్వడం వేరు, ఆరోగ్యవంతునికి మాత్ర ఇచ్చి పొగలో నిలబెట్టడం వేరు. రెండవది వైద్యం కాదు.

జాబితాలో లేని జబ్బు

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ఒక మంచి సూత్రాన్ని తెచ్చినది. షెడ్యూలులో చేర్చిన వృత్తి వ్యాధి ఆ వృత్తిలో ఉన్నవానికి నిర్ణీత షరతుల మేరకు వస్తే, అది పనివలననే వచ్చినట్లు చట్టం భావిస్తుంది. కాదని నిరూపించే భారం యాజమాన్యానిది. జాబితాలో లేని జబ్బు వస్తే రుజువు భారం కార్మికునిది. కనుక జాబితాలో ఒక పేరు చేరడం, చేరకపోవడం కేవలం గుమాస్తా పని కాదు. రోగికీ పరిహారానికీ మధ్య నిలిచిన తలుపు అది.

ఆ జాబితాలో సిలికోసిస్, ఆస్బెస్టాసిస్, నూలు ధూళి వలన వచ్చే బిసినోసిస్ ఉన్నవి. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి కూడా తన మూడవ షెడ్యూలులో అదే వరుసను కొనసాగించినది. డీజిలు పొగ వలన వచ్చే శ్వాసరోధ వ్యాధికి అందులో చోటు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితా మాత్రం బొగ్గు ధూళి, రాతి క్వారీల ధూళి, కలప ధూళి, ధాన్యపు ధూళి, వస్త్ర ధూళి, కాగితపు ధూళి వలన కలిగే దీర్ఘకాలిక శ్వాసరోధ వ్యాధిని స్పష్టంగా పేర్కొన్నది. బొగ్గు, ధాన్యం దిగే గూడ్సు షెడ్డు, కాగితం కట్టలు విప్పే సార్టింగు హాలు ఎవరివి? మనవి కావా? 1919 నుండి ఆ సంస్థలో సభ్యత్వం గల మన ప్రభుత్వం ఆ జాబితాను మన చట్టంలోనికి తీసుకొనడానికి ఇంకా ఎన్నాళ్ళు వేచి ఉండాలి?

గాలికి హద్దు నిర్ణయించడం అసాధ్యమనే సాకు కూడా చెల్లదు. ఐరోపా సమాఖ్య పనిస్థలాలలో డీజిలు పొగకు ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ కార్బన్ అనే పరిమితిని 2019లో నిర్ణయించి, 2023 ఫిబ్రవరి నుండి అమలులో పెట్టినది. అక్కడి కార్మికుని ఊపిరితిత్తి, ఇక్కడి కార్మికుని ఊపిరితిత్తి ఒకే కండతో తయారైనవి.

మన సుప్రీంకోర్టు సైతం దారి చూపినది. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పులో, కార్మికుని ఆరోగ్య హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని ప్రకటించినది. కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుండి 40 ఏండ్లు గాని, ఉద్యోగం ముగిసిన తరువాత 15 ఏండ్లు గాని, ఏది ఎక్కువైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించినది. ఆస్బెస్టాస్‌కు వర్తించిన న్యాయం డీజిలు మసికి, రాతిధూళికి వర్తించకూడదనడానికి కారణమేమిటి?

మన డిమాండ్లు

రైల్వే వైద్యపరీక్షలో కంటిచూపుకు ఏ-1, ఏ-2, ఏ-3 అంటూ తరగతులున్నవి. ప్రయాణికుల భద్రతకు అది అవసరమే. కాని సిగ్నలును చూసే కంటికి ఉన్న విలువ ఆ మనిషి ఊపిరికి ఎందుకు లేదు? అందుచేత ఈ క్రింది డిమాండ్లను ప్రతి శాఖా తీర్మానించి పంపాలి.

1. షెడ్లు, వర్క్‌షాపులు, గూడ్సు ప్లాట్‌ఫారాలు, ట్రాకు యంత్రాలు, సార్టింగు హాళ్ళలో ధూళిని, డీజిలు మసిని క్రమబద్ధంగా కొలవాలి. ఆ అంకెలను నోటీసు బోర్డుపై ఉంచాలి.

2. ధూళి, పొగ సోకే పనిలో ఉన్నవారందరికీ ఉద్యోగంలో చేరిన నాడు, ఆపైన ఏటేటా స్పైరోమెట్రీ జరపాలి. ఫలితం కాగితాన్ని ఉద్యోగి చేతికి ఇవ్వాలి. ఈ పరీక్ష ఫలితాన్ని ఉద్యోగం నుండి తొలగించడానికి, జీతం తగ్గించడానికి సాకుగా వాడరాదు.

3. రక్తపరీక్షలు పరిశోధన నిమిత్తం జరిపితే ఉద్యోగి సమ్మతితోనే జరపాలి. రక్తంలో జాడ లేదనే కారణంతో ఎవరి క్లెయిమునూ తిరస్కరించరాదు.

4. అంతర్జాతీయ జాబితాలోని ధూళుల వలన, డీజిలు పొగ వలన కలిగే శ్వాసరోధ వ్యాధిని మన చట్టపు షెడ్యూలులో చేర్చాలి. గాలి రికార్డు చూపలేని యాజమాన్యం పనిస్థలం నిర్దోషమని వాదించే హక్కును కోల్పోవాలి.

5. పదవీ విరమణ చేసినవారికి, గూడ్సు షెడ్డు హమాలీలకు, కాంట్రాక్టు కార్మికులకు ఈ రక్షణలన్నీ సమానంగా వర్తించాలి. మూట మోసే మనిషి పేరు మస్టరు రోలులో లేనంత మాత్రాన సిమెంటు ధూళి అతనిని విడిచిపెట్టదు.

ప్రభుత్వం కదలేవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ప్రతి సభ్యుడు తాను ఏ షెడ్డులో, ఏ సెక్షనులో, ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు, ఏ సరుకుతో, ఏ యంత్రంతో పనిచేసినదీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకోవాలి. ఎప్పుడు దగ్గు మొదలైనదో, ఎవరెవరికి అట్టి బాధ ఉన్నదో శాఖా కార్యదర్శి సేకరించాలి. డాక్టరు వద్దకు వెళ్ళినప్పుడు వృత్తిని, పనిచేసిన ఏండ్లను రోగి చీటీలో వ్రాయమని పట్టుబట్టాలి. రేపటి విచారణలో యాజమాన్యం వద్ద లేని రికార్డు మన వద్ద ఉండాలి.

కార్మికుని రక్తం తన సాక్ష్యం తాను చెప్పినది. ఇక జవాబు చెప్పవలసినది పాలకవర్గం. ఆ జవాబు వచ్చేవరకు రైల్వే, తపాలా ఉద్యోగులు ఒక్కటై, ఒకే గొంతుతో ఈ ప్రశ్నను ప్రతి సమావేశంలోను, ప్రతి చర్చలలోను లేవనెత్తుదురు గాక!

స్వచ్ఛమైన గాలి కార్మికుని హక్కు!
ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!